పిళ్ళప్ప సారూ, జంట డిస్కులూ

నిన్న మధ్యాహ్నం మా ఆఫీసులో నా ఎదుటి బల్ల దగ్గర కూర్చునే అమ్మాయి జలుబుతో అవస్థపడుతూ, రుమాలు మీద నాలుగు చుక్కల నీలగిరి తైలం వేసుకుంది. ఏసీ గాలికి ఆ వాసన హాలంతా పాకింది. కొందరు ముఖం చిట్లించారు. నేను మాత్రం చేస్తున్న పని ఆపేసి కళ్ళు మూసుకున్నాను. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఐదో అంతస్తు గాజు గదిలో కూర్చున్నదాన్ని, ఉన్నట్టుండి కె.ఆర్.పురంలో టైర్ల దుకాణం పైనున్న ఇరుకు గదిలోకి వెళ్ళిపోయాను. అక్కడ బల్ల మీద మూత విప్పిన కంప్యూటరు. దాని ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డ ఒక పొట్టి మనిషి. ఆయన చొక్కా జేబులో నీలగిరి తైలంతో తడిసిన రుమాలు. ఆయనే మా పిళ్ళప్ప సార్. ఆయనకు దుమ్ము పడదు. దుమ్ము పడని మనిషి బతుకంతా దుమ్ము పట్టిన యంత్రాల కడుపులో తలపెట్టి గడిపాడు. గంటకు ఇరవై సార్లు తుమ్మేవాడు, ప్రతి తుమ్ముకీ యంత్రం వైపు తిరిగి 'నీ వల్లే' అన్నట్టు చూసేవాడు.

ఇప్పుడు నాతో పనిచేసే పిల్లల్లో చాలామంది డిస్కును కంటితో చూసి ఉండరు. మా సర్వర్లు ఏ ఊళ్ళో, ఏ భవనంలో ఉన్నాయో నాకే సరిగా తెలియదు. అందుకే ఆయన గురించి వీళ్ళకు చెప్పబోయినప్పుడల్లా ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఊరుకుంటాను. ఈసారి ఊరుకోబుద్ధి కాలేదు.

నేను ఆయన దగ్గర చేరింది రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో. అనంతపురంలో డిగ్రీ అయ్యాక ఏడాదిపాటు కంప్యూటరు కోర్సు చేసి, చేతిలో సర్టిఫికెట్టు, తలనిండా పొగరు పెట్టుకుని బెంగళూరు వచ్చాను. పెద్ద కంపెనీలేవీ నా పొగరును లెక్కచేయలేదు. చివరికి చిన్న చిన్న ఆఫీసుల కంప్యూటర్లు బాగుచేసే ఒక సంస్థలో ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. యజమానితో కలిపి మొత్తం ఆరుగురు మనుషులు. అందులో పెద్దాయన పిళ్ళప్ప సార్. ఒక ప్రభుత్వ కర్మాగారంలో చాలాకాలం పనిచేసి, ముందుగానే పదవీ విరమణ తీసుకుని వచ్చినవాడు.

“ఏ ఊరమ్మా మీది?” అన్నాడు.

“అనంతపురం సార్.”

“అట్లయితే మనోళ్ళే. మాది హొసకోటె. మా తాతల కాలం నుంచి ఈడే ఉండాము. ఇంట్లో తెలుగే మాట్లాడేది.” అని, బల్ల మీదున్న ఒక పెట్టె చూపించాడు. “ఇది నడవలే. ఏమైందో చూడు.”

నేను చటుక్కున స్క్రూడ్రైవర్ అందుకున్నాను. ఆయన నా చేతిలోంచి దాన్ని మెల్లగా తీసేసుకున్నాడు.

“ఏమి చూసినావని దీన్ని ఎత్తుకున్యావు? చేతులు వెనక్కి కట్టుకో. పదహైదు నిమిషాలు సుమ్నే, ఊరికే నిలబడి చూడు.”

బడిలో శిక్ష వేసినట్టు నిలబడ్డాను. లోపల కుతకుతలాడిపోతున్నాను. ఇంత చదువు చదివి టైర్ల దుకాణం మీద చేతులు కట్టుకుని నిలబడాలా అనిపించింది. పది నిమిషాలు గడిచాక, పెట్టె వెనుక ఉన్న గాలి రంధ్రాల్లోకి సన్నటి చీమల బారు వెళుతూ కనిపించింది. “సార్, చీమలు” అన్నాను. “ఆ. ఇప్పుడు విప్పు” అన్నాడు. అది ఒక బేకరీ నుంచి వచ్చిన యంత్రం. లోపల పాకం ఒలికి గట్టిపడి ఉంది. ఉద్యోగం ఇచ్చినట్టు ఆయన చెప్పలేదు. “రేపు వచ్చేటప్పుడు పాత గుడ్డ ఒకటి తీసుకురా” అన్నాడంతే.

జబ్బు చేసిన యంత్రం ముందు మొదటి పదిహేను నిమిషాలు చేతులు వెనక్కి కట్టుకోవడం ఆయన పెట్టుకున్న నియమం. మిగతా వాళ్ళు నవ్వుకునేవారు. ఒకాయన అయితే “పిళ్ళప్ప గారు పూజ మొదలుపెట్టారు” అని కన్నుగీటేవాడు. ఆయనకు వినిపించేది, పట్టించుకునేవాడు కాదు. ఆ పదిహేను నిమిషాల్లో ఆయన చూసినదంతా చిన్న పుస్తకంలో రాసుకునేవాడు. భాష తెలుగు, అక్షరాలు కన్నడం. తెలుగు అక్షరాలు ఆయన బడిలో నేర్చుకోలేదు. భోజనాల వేళ నేను తెచ్చుకున్న తెలుగు వారపత్రిక లాక్కుని, కన్నడం పోలికతో ఒక్కో అక్షరం గుర్తుపడుతూ, చిన్నపిల్లాడిలా వేలుపెట్టి చదివేవాడు. ఒక సీరియల్ కథలో కథానాయిక ఉత్తరం అందుకున్న చోట ఆయన అరగంట ఆగిపోయాడు. “ఉత్తరంలో ఏముండాదో నువ్వు చెప్పొద్దు, నేనే చదువుకుంటా” అని నా నోరు కట్టేశాడు. ఆ వారమంతా మా గదిలో అందరం ఆ ఉత్తరం కోసం ఎదురుచూశాం.

డిస్కు పరీక్ష అంటే ఏమిటో నాకు నేర్పింది కూడా ఆయనే. కరెంటు ఉన్నట్టుండి పోతే, సర్వరు మళ్ళీ లేచేటప్పుడు తన డిస్కును తానే పరీక్షించుకుంటుంది. ఏ ఫైలు ఏ మూల ఉందో రాసిపెట్టుకున్న పట్టిక ఒకటి దానిలో ఉంటుంది. పట్టిక చెప్పేదీ, అక్కడ నిజంగా ఉన్నదీ ఒకటేనా అని చూస్తుంది. తేడాలు మరీ ఎక్కువైతే, ఇక నా వల్ల కాదు, మనిషి వచ్చి చూడాలి అని ఆగిపోతుంది. అప్పుడు మనం కూర్చుని పరీక్ష నడిపిస్తే, తేడా ఉన్న ప్రతిచోటా 'సరిచేయనా?' అని అడుగుతుంది. తేడాలు వందల్లో ఉంటే ప్రశ్నలూ వందల్లోనే. అందుకని మా వాళ్ళు అన్నిటికీ 'అవును' అని ఒకేసారి చెప్పేసి టీకి వెళ్ళిపోయేవారు. నేనూ అదే చేయబోతే పిళ్ళప్ప సార్ ఆపాడు.

“మొదటి సుత్తు, మొదటి తూరి, అన్నిటికీ 'వద్దు' అనల్ల.”

“అన్నిటికీ వద్దంటే బాగుపడదు కదా సార్?”

“బాగు చేసేది రెండో సుత్తులో. మొదటిది వినేదానికి. ఏడ నొప్పో అది చెప్పుకుంటా ఉండాది. వినకుండానే మాత్ర మింగిస్తే ఎట్లమ్మా? అవునంటే అది మార్చేస్తాది. మార్చినాక, ముందు ఎట్లుండెనో దేవునికి గూడా తెలవదు.”

పనికిరాని యంత్రం మీద నాతో వారం రోజులు అదే చేయించాడు. అది అడగడం, నేను వద్దనడం, అడిగినదంతా రాసుకోవడం. నాకు మహా విసుగ్గా ఉండేది. రాసుకున్నది ఆయన సాయంత్రం చదివి, “చూడు, వీటిల్లో ముప్పై ఒకే దెబ్బ తగిలి వచ్చినవి. పాపం, ఒకే మాట ముప్పైసార్లు మొత్తుకునింది” అనేవాడు. యంత్రాన్ని 'పాపం' అనే మనిషిని నేను అంతవరకూ చూడలేదు.

మేం చూసే ఆఫీసుల్లో హొసకోటె ధర్మసంస్థ ఒకటి. ప్రమాదాల్లో కాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళకి ఉచితంగా కృత్రిమ కాళ్ళు చేసి ఇచ్చేవారు. అక్కడ కొలతలు తీసేది రత్నమ్మ గారు. మదనపల్లి ఆమె. మెడలో సన్నటి గొలుసుకు సిలువ, నడుముకు ఎప్పుడూ కొలత టేపు. ఎవరు వచ్చినా ముందు వాళ్ళ కాలు వైపు చూసేది, తర్వాతే ముఖం వైపు. ఆ సంస్థకు ఒక సర్వరు ఉండేది. అందులో జంట డిస్కులు. ఏది రాసినా రెండింటి మీదా ఒకేసారి పడుతుంది. ఒకటి చెడిపోతే రెండోది పని నడిపిస్తుంది. ఆ ఏర్పాటు చూసి నాకెంత ధీమా అంటే, “రెండు డిస్కులుండగా ఇంకా ఈ కాగితాలెందుకండీ? ఎలుకలు కొట్టేస్తున్నాయి కూడానూ” అని రత్నమ్మ గారితో కొలతల కాగితాలు మాన్పించేశాను. ఆమె ఒక రోజంతా ఆలోచించి, నా మాట నమ్మింది.

నెలకోసారి వెళ్ళి యంత్రాలన్నీ చూసి, ఒక పత్రంలో టిక్కులు పెట్టి రావడం నా పని. కింద పెద్దాయన హోదాలో పిళ్ళప్ప సార్ సంతకం ఉండాలి. ఒక నెల వెళ్ళేసరికి సర్వరు పెట్టె ఆగకుండా పీ... పీ... అని అరుస్తోంది. వరండాలో ఊతకర్రలతో కూర్చున్నవాళ్ళు చెవులు మూసుకుంటున్నారు.

“పొద్దున పెట్టె వేసినప్పటినుంచి ఒకటే మొర. దాని నోరు మూయించు పాపా, నీకు పుణ్యముంటాది” అంది రత్నమ్మ గారు.

మూయించాను. అందుకు ఒక మీట ఉంది, నొక్కితే మళ్ళీ మనం తీసేదాకా అరవదు. ఎందుకు అరిచిందో భోజనమయ్యాక చూద్దామనుకున్నాను. భోజనమయ్యాక ప్రింటరు మొరాయించింది. ప్రింటరు అయ్యేసరికి బస్సు వేళయింది. పత్రంలో 'జంట డిస్కులు' అన్న గడిలో టిక్కు పెట్టి వచ్చేశాను. మరుసటి నెల అది అరవలేదు. అరవడం లేదు కాబట్టి బాగానే ఉందనుకుని మళ్ళీ టిక్కు పెట్టాను. అలా ఐదు నెలలు. అది అరిచిందన్న సంగతే నేను మరిచిపోయాను.

ఒక గురువారం ఉదయం హొసకోటెలో ట్రాన్స్‌ఫార్మరు పేలి, కరెంటు పోయి వచ్చి పోయి వచ్చింది. సర్వరు లేవడం లేదని ఫోను. పిళ్ళప్ప సార్ ఇంకో చోట పనిలో ఉన్నాడు. కె.ఆర్.పురంలో బస్సెక్కి నేనొక్కదాన్నే వెళ్ళాను. రత్నమ్మ గారు గుమ్మంలోనే ఎదురొచ్చింది. సోమవారం నుంచి కొత్త విడత కాళ్ళ తయారీ మొదలవుతుంది. ఆ ఐదు నెలల్లో కొలతలిచ్చినవాళ్ళు వందకు పైగా ఉన్నారు. కదిరి, చింతామణి, ముళబాగిలు, ఎక్కడెక్కడి నుంచో రెండు బస్సులు మారి, ఊతకర్రల మీద వచ్చి వెళ్ళినవాళ్ళు. వాళ్ళలో సగం మందికి ఫోను లేదు. కొలతలు పోతే వాళ్ళందరినీ మళ్ళీ వెతికి పిలిపించాలి, వచ్చేదాకా కాళ్ళు లేవు. ఆమె ఇదంతా ఒక్క గుక్కలో చెప్పి, నా భుజం తట్టి, “నువ్వుండావు గదా” అంది.

ఆ మాటకి నాకు ఉత్సాహం పొంగింది. పదిహేను నిమిషాలూ లేవు, చేతులు వెనక్కి కట్టుకోవడమూ లేదు. వచ్చీ రాగానే మూత విప్పి, లోపలి తీగలన్నీ గట్టిగా నొక్కాను. యంత్రం లేచింది. లేచి, రెండు డిస్కులూ కనిపిస్తున్నాయి గానీ రెండింటికీ పొంతన లేదు, దేన్ని మూలంగా తీసుకుని రెండోదాని మీదికి నకలు చేయమంటావు అని అడిగింది. సరే, రెండింటినీ విడివిడిగా పరీక్షిద్దామనుకున్నాను. మొదటి సుత్తు వద్దనే అన్నాను, అంతవరకు బుద్ధి ఉంది. మొదటి డిస్కు ఒక్క తప్పు కూడా లేకుండా కడిగిన ముత్యంలా వచ్చింది. రెండోదానిలో తప్పులే తప్పులు, తెర నిండి పైకి పోతూనే ఉన్నాయి. ఇంకేం, సంగతి తేలిపోయింది. బాగున్నదాన్ని మూలంగా చూపించి, ఆఖరి మీట ఒక్కటి నొక్కడమే తరువాయి. నొక్కేముందు, కాస్త గొప్ప చెప్పుకుందామని పిళ్ళప్ప సార్ ఉన్నచోటికి ఫోను చేశాను. నిజం చెబుతున్నాను, సలహా అడగడానికి కాదు, గొప్పకే.

“సార్, ఒకటి చెడిపోయింది, ఒకటి బాగుంది. బాగున్నదాన్ని దాని మీదికి నకలు కొట్టేస్తున్నా. గంటలో వచ్చేస్తా.”

“బాగుండే దాంట్లో కడాకు రాసిన ఫైలు ఏ తేదీది?” అన్నాడాయన.

చూశాను. ఇంకోసారి చూశాను.

“ఐదు నెలల కిందటిది సార్.”

అటువైపు వరుసగా రెండు తుమ్ములు వినిపించాయి.

“ఏమీ తాకొద్దు. కుర్చీలోనుంచి లేచి చేతులు వెనక్కి కట్టుకో. నేను వస్తా ఉండా.”

ఆ చేతులు కట్టుకుని నిలబడ్డ గంటన్నరలో నాకు అంతా అర్థమైంది. ఐదు నెలల కిందట ఒక ఉదయం తీగ వదులై ఒక డిస్కు జంట లోంచి తప్పుకుంది. అది చెప్పడానికే పెట్టె అరిచింది. ముందురోజు సాయంత్రం పద్ధతిగా ఆపిన యంత్రం కాబట్టి ఆ డిస్కు శుభ్రంగా ఉంది. ఆ తర్వాత ఒక్క అక్షరం రాయలేదు కాబట్టి శుభ్రంగానే ఉండిపోయింది. ఈ ఐదు నెలల బరువంతా మోసింది రెండోది. ఇవాళ కరెంటు దెబ్బలు తిన్నదీ అదే. నేను తీగలు నొక్కి నిద్రపోతున్నదాన్ని లేపాను. ఆ మీట నొక్కి ఉంటే ఐదు నెలల కొలతలు నా చేత్తోనే తుడిచేసేదాన్ని. వరండాలో ఎవరో దగ్గితే ఉలిక్కిపడ్డాను.

ఎండలో బస్సు దిగి, సంచిలో కొత్త డిస్కు ఒకటి పట్టుకుని ఆయన వచ్చాడు. నేను ఆగలేకపోయాను.

“సార్, అది అప్పుడే అరిచింది. నేనే నోరు మూయించాను. ఐదు నెలలూ చూడకుండా టిక్కు పెట్టాను.”

ఆయన రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. “ఇంకేమన్నా ఉండాదా?”

“కాగితాలు వద్దని చెప్పింది కూడా నేనే.”

“ఇంకా?”

“పొద్దున వచ్చీ రాగానే తీగలన్నీ నొక్కాను.”

“ఇంకా?”

“ఇంకేమీ లేదు సార్.”

“సరే. స్టూలు వేసుకుని పక్కన కూర్చో” అన్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని చాలాసేపు అనుకున్నాను.

ఆయన చేసిన పని చూస్తే ఎవరికైనా చాదస్తం అనిపిస్తుంది. శుభ్రమైన డిస్కును తీసి, గుడ్డలో చుట్టి, 'ముట్టొద్దు' అని రాసి బీరువాలో పెట్టాడు. దెబ్బ తిన్నదాన్ని కూడా ముట్టుకోలేదు. దానికి ఉన్నదున్నట్టు ఒక నకలు కొత్త డిస్కు మీదికి తీశాడు. అది పూర్తవడానికే సాయంత్రమైంది, రత్నమ్మ గారు తాళం వేసే వేళ. మర్నాడు ఉదయం ఆ నకలు మీద పరీక్ష మొదలుపెట్టాడు. మొదటి సుత్తు అన్నిటికీ వద్దు. నేను రాశాను, ఆయన చదివాడు. రెండో సుత్తులో ఒక్కో ప్రశ్నకీ ఆలోచించి జవాబు చెప్పాడు. “ఇంత మొత్తుకుంటా ఉండాది, చెడిపోయిందనుకున్యావు గదా? పని చేసినది కాబట్టే దెబ్బలు. కాడి పారేసి పండుకున్నదానికి దెబ్బలెట్ల తగులుతాయి?” అన్నాడు ఒక్కసారి. అంతకుమించి పాఠం చెప్పలేదు.

మధ్యాహ్నానికి చాలామంది కొలతలు చెక్కుచెదరకుండా బయటపడ్డాయి. కానీ నలభై దాకా ఫోల్డర్లకు పేర్లు ఎగిరిపోయి, అంకెలు మిగిలాయి. ఒక్కొక్కరి కొలతల పట్టికా, కాలు ఫోటోలూ ఆ మనిషి పేరున్న ఫోల్డరులో పెట్టేవారు. పైన పేరుంది కదా అని లోపల రాసేవారు కాదు. ఇప్పుడు లోపల కొలతలున్నాయి, ఎవరివో తెలియదు. నేను తల పట్టుకున్నాను. పిళ్ళప్ప సార్ రత్నమ్మ గారిని పిలిచి, ఒక ఫోటో తెరిచి చూపించాడు. ముఖం లేదు, మోకాలి కింద ముగిసిపోయిన కాలు మాత్రమే ఉంది.

ఆమె కళ్ళద్దాలు సర్దుకుంది. “ఇది చింతామణి టమోటా మండీలో మూటలు మోసేటాయన. చూడు, కుట్టు వంకరగా ఉండాది. పేరు రామాంజి.”

ఇంకోటి తెరిచాం. “ముళబాగిలు టీచరమ్మ. టేపు పెడితే చక్కిలిగింత అని ఒకటే నవ్వు.”

ఇంకోటి. “అయ్యో, ఇది కదిరి పిల్ల. దీనికి కొంచెం వదులుగా చేయల్ల, ఎదిగే వయసు.”

నలభై కాళ్ళకూ నలభై పేర్లు చెప్పింది. పిళ్ళప్ప సార్ ఒక్కో పేరూ టైపు చేస్తూ, మధ్యలో ఆగి, నా వైపు తిరిగి, “మనం రెండు డిస్కులు పెట్టి నిద్రపోయినాము. ఈమె ఒక్కతే, ఎంత మేలుకోనుండాదో చూడమ్మా” అన్నాడు. రత్నమ్మ గారు సిగ్గుపడి టీ తేవడానికి వెళ్ళింది. గేటు దగ్గర వచ్చినవాళ్ళ పేర్లు రాసే పుస్తకం తెచ్చి, దొరికిన పేర్లు ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోయాం. చివరికి ఒకే పేరు మిగిలింది. నాగన్న. అతని కొలతలు మాత్రం ఎక్కడా లేవు.

మా యజమాని రిపోర్టులో కరెంటు వల్ల జరిగిందని రాయమన్నాడు. పిళ్ళప్ప సార్ కరెంటు సంగతి రాసి, దాని కింద నేను చేసింది రాసి, దాని కింద తన పేరు రాశాడు. “ఆ ఐదు పత్రాల మీద నీ టిక్కు కింద నా సంతకం ఉండాది. నేనూ చూడకుండానే వేసినా. రాయకుంటే ఎట్ల?” అన్నాడు నాతో. ఆ తర్వాత చాలా రోజులు యజమాని ఆయనతో ముక్తసరిగా మాట్లాడాడు. పెద్దాయనకు నా వల్ల ఈ అవమానం జరిగిందే అని నాకు అన్నం సహించేది కాదు.

శనివారం పొద్దున ఆయన, “నాగన్నకు చెప్పేది నువ్వు” అన్నాడు.

“రత్నమ్మ గారు ఎవరితోనైనా కబురు పంపుతానన్నారు సార్.”

“కబురు పంపితే 'రా' అని తెలుస్తాది. ఎందుకో తెలవదు. పద, నేనూ వస్తా.”

హొసకోటె రోడ్డు మీద కడుతున్న ఒక పెద్ద భవనం పక్కన రేకుల షెడ్లు. పనివాళ్ళందరూ కదిరి, పుట్టపర్తి వైపు వాళ్ళు. బస్సులో వెళుతున్నంతసేపూ నేను మనసులో మాటలు అమర్చుకుంటూనే ఉన్నాను. ట్రాన్స్‌ఫార్మరు, యంత్రం, అనుకోకుండా, అలాంటివి. పిళ్ళప్ప సార్ షెడ్డు బయటే ఆగిపోయాడు. “నువ్వు పో” అని, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

నాగన్నకు నలభై ఏళ్ళుంటాయి. గోనెపట్టా మీద కూర్చుని ఇనుప కడ్డీలతో రింగులు వంచుతున్నాడు. కుడికాలు మోకాలి కింద లేదు. నేను ఎవరినో చెప్పి, ఆయన ఇచ్చిన కొలతలు పోయాయని, మళ్ళీ రావాలని చెప్పాను.

“కరెంటు పోయి పోయిందా మ్మా?” అన్నాడు. పాపం, నాకు కావలసిన మాట తనే అందించాడు. 'అవును' అంటే చాలు. నాలుక చివరిదాకా వచ్చింది. బయట రేకు సందులోంచి సార్ వీపు, వెనక్కి కట్టుకున్న చేతులు కనిపిస్తున్నాయి.

“కాదన్నా. నా వల్ల. చెడిపోతున్నానని ఆ యంత్రం ముందే అరిచింది. నేనే దాని నోరు మూయించాను.”

అతను వంచుతున్న కడ్డీ కింద పెట్టాడు. కోప్పడతాడనుకున్నాను.

“మూడో అంతస్తు నుంచి పడినా మ్మా నేను. నిలబడిన సారువ కట్టె విరిగి. అది విరిగేట్లుండాదని ముందురోజే చెప్పినా, ఎవురూ ఇన్లేదు. పడినాక ఆస్పత్రిలో రెండు నెల్లుంటి. మా వల్ల అయింది నాగన్నా అని ఒక్కడు రాలే. కాలు పోతే ఎవురూ రాలే. కొలత పోయిందని నువ్వు వచ్చినావు.”

నాకు ఏడుపు ఆగలేదు. అతనే కంగారుపడి, “ఏడ్వద్దు మ్మా, సోమవారం వస్తాలే. కాలిని ఇంకొకసారి కొలిస్తే తరిగిపోతాదా?” అని నవ్వాడు. భార్యను కేకేసి టీ పెట్టమన్నాడు. బయట నిలబడ్డ పెద్దాయనను కూడా లోపలికి పిలవమన్నాడు. ముగ్గురం కూర్చుని టీ తాగాం. పిళ్ళప్ప సార్, నాగన్న చాలాసేపు వానల గురించి, కదిరి బస్సుల గురించి మాట్లాడుకున్నారు. కొలతల మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. తిరుగు బస్సులో సార్ కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు.

ఆ సంస్థలో ఇంకో మూడేళ్ళు పనిచేశాను. తర్వాత పెద్ద కంపెనీలు వచ్చాయి, నేనూ వెళ్ళాను. వెళ్ళేటప్పుడు ఆయన ఆశీర్వాదం లాంటిదేమీ చెప్పలేదు. “అరిచేవాటికి కొంచెం దగ్గరగా కూర్చో” అన్నాడు. ఆయన పోయి ఏడేళ్ళయింది. హొసకోటెలో ఆ రోజు కడసారి చూడటానికి వచ్చినవాళ్ళలో కన్నడం మాట్లాడేవాళ్ళు ఆయన్ని మావాడన్నారు, తెలుగు మాట్లాడేవాళ్ళు మావాడన్నారు. నేను ఒక మూల నిలబడి, ఎవరితోనూ తగవుపడకుండా, మా సార్ అనుకున్నాను. ఆయనంటే నాకున్నది గౌరవమని అప్పటిదాకా అనుకునేదాన్ని. అది ప్రేమని ఆ మూల నిలబడ్డప్పుడు తెలిసింది. ఈ ఇరవై ఏళ్ళలో నా చేతుల మీదుగా చిన్నవీ పెద్దవీ ఎన్నో తప్పులు జరిగాయి. 'సాంకేతిక కారణాల వల్ల' అని మాత్రం ఒక్క ఉత్తరంలోనూ రాయలేకపోయాను. రాయమని పై నుంచి చెప్పినప్పుడు రెండుసార్లు పదోన్నతి కూడా వదులుకున్నాను. బాధగానే ఉండింది, లేదని అనను.

ఆ సోమవారం నాగన్న వచ్చాడు. టేపు ఒక కొస రత్నమ్మ గారు పట్టుకుంది, రెండో కొస నన్ను పట్టుకోమంది. ఆమె చదివింది, నేను కాగితం మీద రాశాను, తర్వాత కంప్యూటరులో ఎక్కించాను. నా మొదటి జీతం ఎంతో ఇప్పుడు గుర్తులేదు. అనంతపురంలో మా ఇంటి పాత ఫోను నంబరు గుర్తులేదు. పొద్దున మార్చిన పాస్‌వర్డు సాయంత్రానికి మరిచిపోతాను. ఇవి మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. నాగన్న, కుడికాలు. మోకాలి కీలు నుంచి కింది కొస వరకు పదిహేను సెంటీమీటర్లు. మోకాలి కింద చుట్టుకొలత ముప్పై రెండు. కొస దగ్గర ఇరవై ఆరు. ఎడమ పాదం పొడవు ఇరవై ఐదు.